ఎవరు చంపారో తెలిసిన చోట: పఠనబృందానికి అపరాధ పరిశోధక నవలల ఎంపిక – ఆలూరు నేపథ్యంలో ఒక పరిశీలన

ప్రవేశిక

అపరాధ పరిశోధక నవలకు తెలుగులో పాఠకులు లెక్కకు మిక్కిలిగా ఉన్నారు. దాన్ని విమర్శకు అర్హమైన ప్రక్రియగా స్వీకరించినవారు మాత్రం తక్కువ. అద్దె పుస్తకాల అంగళ్ళలో అట్టలు ఊడేదాకా చేతులు మారిన ఈ నవలలు సాహిత్య చరిత్రల్లో ఒకటి రెండు వాక్యాలకు పరిమితమయ్యాయి. చదివినవారు ఎందరో ఉన్నా, చదివినదాన్ని నలుగురిలో కూర్చుని చర్చించే అలవాటు ఏర్పడలేదు. ఒక పఠనబృందం తన పఠనానికి ఈ ప్రక్రియను ఎంచుకుంటే ఆ లోటు కొంత తీరుతుంది. అయితే ఏ నవలలను ఎంచుకోవాలి, ఏ ప్రమాణంతో ఎంచుకోవాలి అన్నది వినోదానికి సంబంధించిన చిన్న ప్రశ్న కాదు. అది ఆ ప్రక్రియ స్వభావాన్నీ, చదివేవారి సామాజిక అనుభవాన్నీ కలిపి ఆలోచించవలసిన విమర్శ ప్రశ్న.

ఈ వ్యాసం ఆ ప్రశ్నను కర్నూలు జిల్లా పడమటి అంచున ఉన్న ఆలూరును నేపథ్యంగా తీసుకుని పరిశీలిస్తుంది. ఆలూరు 1953 అక్టోబరు 1 వరకు బళ్ళారి జిల్లాలోని తాలూకా. ఆంధ్రరాష్ట్ర అవతరణతో ఆదోని, రాయదుర్గం తాలూకాలతో పాటు ఆంధ్రలో చేరింది. తెలుగు, కన్నడం రెండూ వినబడే ఊరు. వాన తప్పిన ఏడు పల్లెలకు పల్లెలు సుగ్గికి తరలిపోయే ప్రాంతం. ఇలాంటి చోట శాఖా గ్రంథాలయంలో ఉపాధ్యాయులు, కళాశాల విద్యార్థులు, చిన్న వ్యాపారులు, విశ్రాంత ఉద్యోగులు కలిసి కూర్చుని చదివే బృందానికి లండను నగరపు హత్యారహస్యం ఏమి ఇస్తుంది? మద్రాసు డిటెక్టివు ఏమి ఇస్తాడు? ప్రపంచ ప్రసిద్ధ నవలల జాబితా ఒకదాన్ని తెచ్చి అమలు చేస్తే ఈ ప్రశ్నలకు సమాధానం దొరకదు. చదివేవారికి నేరంతో, సాక్ష్యంతో, న్యాయంతో ఉన్న అనుభవమే ఎంపికకు మొదటి ప్రమాణం కావాలన్నది ఈ వ్యాసపు ప్రతిపాదన.

ప్రక్రియ పరిధి

ఎడ్గార్ అలన్ పో 1841లో ప్రచురించిన 'ది మర్డర్స్ ఇన్ ది రూ మోర్గ్' కథతో ఆధునిక అపరాధ పరిశోధన సాహిత్యం మొదలైందని సాధారణంగా అంగీకరిస్తారు. విల్కీ కాలిన్స్ 'మూన్‌స్టోన్' 1868లోనూ, కానన్ డాయిల్ తొలి షెర్లాక్ హోమ్స్ నవల 1887లోనూ వెలువడ్డాయి. 1928లో ఎస్.ఎస్. వాన్ డైన్ ఇరవై నియమాలనూ, 1929లో రోనాల్డ్ నాక్స్ పది నియమాలనూ ప్రకటించేనాటికి ఇది పాఠకుడితో రచయిత ఆడే నియమబద్ధమైన క్రీడగా రూపుదిద్దుకుంది. డిటెక్టివుకు దొరికిన ఆధారాలన్నీ పాఠకుడికీ దొరకాలన్నది ఆ నియమాల సారాంశం.

తెలుగులో ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాలలోనే ఈ ప్రక్రియ అడుగుపెట్టింది. దేవరాజు వేంకటకృష్ణారావు 'వాడే వీడు' ఆ తొలి దశకు చెందిన నవల. బెంగాలీ నుంచి వచ్చిన అనువాదాలు అభిరుచిని పెంచాయి. ఆరుద్ర వంటి కవి, పరిశోధకుడు కూడా 'పలకల వెండిగ్లాసు' వంటి డిటెక్టివ్ నవలలు రాశారు. కొమ్మూరి సాంబశివరావు యుగంధర్ పాత్రతో ఈ ప్రక్రియకు స్థిరమైన పాఠకలోకాన్ని సంపాదించారు. మధుబాబు షాడో నవలలు జనాదరణలో వీటికి తీసిపోవు. కానీ అవి గూఢచారి సాహస గాథలు. వాటిలో పాఠకుడు ప్రమాదాన్ని అనుభవిస్తాడు. పరిశోధక నవలలో తర్కాన్ని అనుసరిస్తాడు. పఠనబృందం ఎంపికకు కూర్చునే ముందు ఈ భేదాన్ని గుర్తించడం అవసరం. లేకపోతే 'సస్పెన్సు' అన్న ఒక్క మాట కింద భిన్న ప్రక్రియలన్నీ కలిసిపోతాయి.

ఆలూరు ప్రాంతానికి మరో వనరు కూడా ఉంది. కన్నడంలో ఈ రకం రచనను 'పత్తేదారి కాదంబరి' అంటారు. ఎన్. నరసింహయ్య పత్తేదార పురుషోత్తమ పాత్రతో కన్నడ నాట విస్తృతంగా చదివించుకున్నారు. రెండు భాషలు చదవగలిగిన పాఠకులున్న బృందం యుగంధర్‌నూ పురుషోత్తమనూ పక్కపక్కన పెట్టి చదవగలదు. పాఠ్యప్రణాళికలు చేయలేని తులనాత్మక అధ్యయనాన్ని సరిహద్దు ఊరు సహజంగానే చేయగలదు.

రహస్యం తెలిసిన తరువాత మిగిలేది

బృందపఠనానికి పరిశోధక నవల ఒక ప్రత్యేకమైన చిక్కును తెస్తుంది. మామూలు నవలను సగం చదివినవారు కూడా చర్చలో కూర్చోవచ్చు. ఇక్కడ అది సాధ్యం కాదు. ముగింపు చెబితే చదవనివారి ఆసక్తి పోతుంది, చెప్పకపోతే విమర్శ సాగదు. నవలను రెండు సమావేశాలుగా చర్చించడం దీనికి ఉపాయం. మొదటి సమావేశం పరిష్కారానికి ముందు ఘట్టం దగ్గర ఆగుతుంది. అందరూ తమ ఊహలను కారణాలతో సహా చెబుతారు. రెండో సమావేశంలో ఆ ఊహలు ఎందుకు తప్పాయో చర్చిస్తారు. పాఠకుడి ఏ నమ్మకాన్ని రచయిత వాడుకున్నాడో అప్పుడే బయటపడుతుంది. పనిమనిషిని అనుమానించామా, పరాయి ఊరివాణ్ని అనుమానించామా, గౌరవనీయుణ్ని వదిలేశామా అన్న ప్రశ్నలు నవల నుంచి చదువరుల మీదికి తిరుగుతాయి.

ఇక్కడే రెండో ప్రమాణం తేలుతుంది. రహస్యం తెలిసిన తరువాత రెండోసారి చదవడానికి నిలబడే నవలే బృందానికి పనికివస్తుంది. ఈ ప్రమాణం తెలుగు సాహిత్యానికి కొత్తది కాదు. నంద్యాల కృష్ణమరాజుకు అంకితమైన పింగళి సూరన 'కళాపూర్ణోదయము'లో ఇద్దరు రంభలు, ఇద్దరు నలకూబరులు కథలో తిరుగుతారు. ఎవరు అసలు, ఎవరు మారువేషం అన్న సందేహం పాత్రలనూ పాఠకులనూ వెంటాడుతుంది. జరిగినదానికి మూలకారణం చాలా తరువాత శిశువైన మధురలాలస మాటల్లో వెల్లడవుతుంది. ముందు ఫలితం, తరువాత కారణం అన్న ఈ విలోమ కథాక్రమమే పరిశోధక నవలకు ప్రాణం. కట్టమంచి రామలింగారెడ్డి 1914లో 'కవిత్వతత్త్వ విచారము'లో సూరన కావ్యాన్ని ప్రధానంగా కథాసంవిధాన దృష్టితో పరిశీలించారు. ఆ దృష్టిని పరిశోధక నవలకు అన్వయించడానికి అడ్డేమీ లేదు. సూరన ప్రబంధం హత్యాపరిశోధన కథ కాదు. అయినా ముడి విప్పిన తరువాత కూడా దాన్ని చదువుతున్నారంటే, ముడి వేసిన తీరులోనే దాని విలువ ఉందని అర్థం.

ఎంపికకు నిలిచే నవలలు

ఈ రెండు ప్రమాణాలతో చూసినప్పుడు మొదట నిలిచేది 'మూన్‌స్టోన్'. 1799లో శ్రీరంగపట్టణం ముట్టడిలో ఒక ఆంగ్ల సైనికాధికారి వజ్రాన్ని అపహరించడంతో ఈ నవల మొదలవుతుంది. ఆ వజ్రం ఇంగ్లండులో ఒక యువతికి పుట్టినరోజు కానుకగా చేరి, అదే రాత్రి మాయమవుతుంది. సోమనాథ దేవాలయానికి చెందిన ఆ రాయిని తిరిగి తెచ్చుకోవడానికి ముగ్గురు బ్రాహ్మణులు దాని వెంటే తిరుగుతుంటారు. ఇంగ్లండులోని పాఠకుడికి ఇది సుదూర దేశపు వింత. రాయలసీమ పాఠకుడికి అలా కాదు. టిప్పు సుల్తాను పతనం తరువాత, 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి అప్పగించిన ప్రాంతమే దత్తమండలాలు. ఆ మండలాలకు ప్రధాన కలెక్టరుగా పనిచేసిన థామస్ మన్రో 1827లో ఆలూరుకు పొరుగునే ఉన్న పత్తికొండలో కలరాతో మరణించాడు. తొలకరి వానలు పడగానే తుగ్గలి, జొన్నగిరి పొలాలలో వజ్రాల కోసం జనం నేలను వెతకడం నేటికీ చూస్తున్న దృశ్యమే. పొలంలో దొరికిన రాయి ఎవరిది, దానికి ధర కట్టేది ఎవరు, దాన్ని చూసినవారు ఏం చెబుతారు అన్న ప్రశ్నలు ఇక్కడివారికి అనుభవంలో ఉన్నవి. వజ్రం ఇంట్లో పోయిందనుకునేవారికి అసలు దొంగతనం అంతకుముందే యుద్ధంలో జరిగిందని కాలిన్స్ గుర్తుచేస్తాడు. ఒకే సంఘటనను అనేకమంది కథకులు తమతమ పరిధిలో చెప్పడం ఈ నవల నిర్మాణం. బృందంలో ఒక్కొక్కరు ఒక్కొక్క కథకుడి వాంగ్మూలాన్ని పరిశీలించడానికి అది వీలుగా ఉంటుంది. నిడివి మాత్రం ఎక్కువ. దానికి కనీసం రెండు నెలల గడువు కావాలి.

రెండోది కానన్ డాయిల్ 1901–02లో ధారావాహికగా ప్రచురించిన 'ది హౌండ్ ఆఫ్ ది బాస్కర్‌విల్స్'. వంశానికి తగిలిన శాపం, బీడుభూమిలో తిరిగే దయ్యపు కుక్క అన్న కథలను హోమ్స్ తర్కంతో ఛేదిస్తాడు. దీన్ని ఒంటరిగా చదవడం కంటే యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం'తో కలిపి చదవడం ఫలవంతం. ఒక నవల భయానికి లౌకిక కారణాన్ని చూపి ముగుస్తుంది. మరొకటి వైద్య వివరణకూ క్షుద్రశక్తి వివరణకూ రెంటికీ చోటిస్తుంది. రంగనాయకమ్మ 'తులసిదళం కాదు గంజాయిదమ్ము' పేరుతో చేసిన విమర్శ ఈ చర్చకు మూడో పాఠమవుతుంది. జనప్రియ నవలకు సామాజిక బాధ్యత ఉందా అన్న వాదాన్ని తెలుగు విమర్శ నిజంగా తలకెత్తుకున్న సందర్భాలలో అది ఒకటి.

మూడోది అగాథా క్రిస్టీ 1926లో ప్రచురించిన 'ది మర్డర్ ఆఫ్ రోజర్ అక్రాయిడ్'. దాని పరిష్కారాన్ని ఇక్కడ చెప్పవలసిన పనిలేదు. కథకుడు అబద్ధం ఆడకుండానే నిజాన్ని ఎలా దాచగలడో ఆ నవల చూపుతుంది. దాన్ని రెండోసారి చదివే పాఠకుడు వాక్యవాక్యానికీ ఆగుతాడు. ఏది చెప్పారు, ఏది వదిలారు అని వెతుకుతాడు. న్యాయస్థానంలో సాక్షి మాటను వినడానికి కావలసిన శిక్షణ అదే. భాషాశాస్త్రం, కథనశాస్త్రం చదివే విద్యార్థులకు ఇంతకంటే సూటి పాఠం దొరకడం కష్టం.

నాలుగోది కొమ్మూరి సాంబశివరావు నవల ఒకటి. 'లక్షాధికారి హత్య', 'చీకటికి వేయికళ్ళు', 'చావు కేక' వంటివాటిలో గ్రంథాలయంలో దొరికినదాన్ని తీసుకోవచ్చు. ఇక్కడ ఎంపిక కారణం వేరు. క్రిస్టీ స్థాయి నిర్మాణ నైపుణ్యాన్ని కొమ్మూరి నవలలన్నిటిలో ఆశించడం న్యాయం కాదు. ఆయన సాధించింది మరొకటి. యుగంధర్, అతని సహాయకుడు రాజు, ఇన్‌స్పెక్టర్ స్వరాజ్యరావుల మధ్య సాగే పొడి సంభాషణలతో, చిన్న వాక్యాలతో నిర్వ్యాజమైన వాడుక గద్యాన్ని వేలమందికి అలవాటు చేశారు. వ్యావహారిక భాషోద్యమం వాదంతో సాధించినదాన్ని జనప్రియ నవల అలవాటుగా మార్చింది. ఆ గద్యాన్ని శైలీ దృష్టితో పరిశీలించడం పరిశోధకుల ముందున్న పని. అదే సమయంలో పరిమితినీ గుర్తించాలి. యుగంధర్ నేరప్రపంచం ప్రధానంగా మద్రాసు నగరానిది. 1953 వరకు అది ఆలూరుకు కూడా రాజధానే. కానీ ఆలూరు మనిషి ఆ నవలలకు పాఠకుడయ్యాడే తప్ప పాత్ర కాలేదు.

తెలిసిన హంతకుడు, దొరకని సాక్షి

పై నాలుగు నవలలూ ఒక నమ్మకం మీద నిలబడ్డాయి. నేరం చేసినవాడెవరో తెలియదు, తెలిస్తే న్యాయం జరుగుతుంది అన్నది ఆ నమ్మకం. రాయలసీమ పాఠకుడు ఈ నమ్మకం దగ్గరే ఆగుతాడు. కక్షలతో నలిగిన పల్లెలో చంపినదెవరో తరచూ ఊరందరికీ తెలుసు. తెలియనిదల్లా ఆ సంగతి ఎవరు నోరు విప్పి చెబుతారన్నదే. అక్కడ రహస్యం నేరంలో ఉండదు, సాక్ష్యంలో ఉంటుంది. పోలీసుల ముందు ఇచ్చిన వాంగ్మూలం న్యాయస్థానంలో తిరగబడుతుంది. చూసినవాడు చూడలేదంటాడు. డిటెక్టివ్ నవల చివరి అధ్యాయంలో అందరినీ ఒకచోట కూర్చోబెట్టి హంతకుడి చేత ఒప్పించే దృశ్యానికి మన చట్టంలో విలువ చాలా తక్కువ. పోలీసు అధికారి ముందు చేసిన నేరాంగీకారం నిందితుడికి వ్యతిరేకంగా రుజువుగా చెల్లదని 1872 నాటి భారత సాక్ష్య చట్టం 25వ సెక్షను చెప్పింది. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలోనూ ఆ సూత్రం కొనసాగింది. నవల ముగిసిన చోట వ్యాజ్యం మొదలవుతుంది.

ఈ ఖాళీని గుర్తించిన నవల పాశ్చాత్య సాహిత్యంలో ఉంది. ఇటలీ రచయిత లియొనార్దో షాషా 1961లో ప్రచురించిన నవల ఆంగ్లంలో 'ది డే ఆఫ్ ది అవుల్'గా ప్రసిద్ధం. సిసిలీలోని ఒక ఊరిలో తెల్లవారుజామున బస్సు ఎక్కబోతున్న గుత్తేదారును తుపాకితో కాల్చి చంపుతారు. పోలీసులు రాగానే బస్సు ఖాళీ అవుతుంది. ప్రయాణికులు ఎవరికివారు జారుకున్నారు. పక్కనే చిరుతిళ్ళు అమ్ముతున్నవాడికి కాల్పులు జరిగిన సంగతే తెలియనట్టుంది. ఉత్తర ఇటలీ నుంచి వచ్చిన బెల్లోది అనే అధికారి తర్కంతో నిజాన్ని పట్టుకుంటాడు. కానీ పట్టుకున్న నిజం నిలబడదు. నిందితుడు వేరేచోట ఉన్నాడనే సాక్ష్యం పుట్టుకొస్తుంది, వ్యాజ్యం విచ్చిపోతుంది. డిటెక్టివు గెలిచాడు, న్యాయం ఓడింది. సిసిలీ గురించి ఏమీ తెలియని ఆలూరు పాఠకుడికి కూడా ఆ బస్సు దృశ్యం ఎరిగిన దృశ్యమే అనిపిస్తుంది. లండనులో కూర్చున్న హోమ్స్ కంటే బెల్లోది అతనికి దగ్గరివాడు. అందుకే బృందం పఠనక్రమంలో ఈ నవల చివరన ఉండాలి. మొదటి నాలుగు నవలలు నేర్పిన క్రీడానియమాలు తెలిసినప్పుడే వాటి భంగం ఎంత బాధాకరమో అర్థమవుతుంది.

ఒక ఆక్షేపణ

ఈ ప్రతిపాదనకు బలమైన ఆక్షేపణ ఒకటి ఉంది. రాయలసీమ అనగానే కక్షలు, వేటకొడవళ్ళు అన్న చిత్రాన్ని తెలుగు సినిమా ఇప్పటికే స్థిరపరచింది. పఠనబృందం కూడా అదే కోణంలో నవలలు ఎంచుకుంటే ఆ ముద్రను తానే మోసినట్టు కాదా? కేతు విశ్వనాథరెడ్డి, సింగమనేని నారాయణ వంటి సీమ కథకులు కరవును, నీటిని, సేద్యపు నష్టాన్ని, మనుషుల ఆత్మగౌరవాన్ని కేంద్రంగా చేసుకుని రాశారు. సీమ జీవితానికి హత్య ప్రతీక కాదు.

ఆక్షేపణ సరైనదే. దానికి సమాధానం నవలలను మానుకోవడంలో లేదు, ప్రశ్నను విస్తరించడంలో ఉంది. షాషా నవలలో చర్చించవలసింది తుపాకి కాదు, మౌనం. ఆ మౌనం పిరికితనం కాదు. సాక్ష్యం చెప్పినవాడు రేపు అదే ఊళ్ళో బతకాలి, అదే బావి నీళ్ళు తోడుకోవాలి, అదే ఆసామి దగ్గర కూలికి పోవాలి. ఇలా చూసినప్పుడు నేరపరిశోధన కథ అప్పు, కూలి, కులం, వలసల కథగా తెరుచుకుంటుంది. కరవును నేరంగా చూసి దాని కారకుణ్ని వెతికే పరిశోధక నవల తెలుగులో ఎందుకు రాలేదన్న ప్రశ్న కూడా అప్పుడే పుడుతుంది. ఎండిన చెరువు వెనుక, చేతులు మారిన భూమి పట్టా వెనుక, అందని పంట బీమా వెనుక కూడా ఆధారాలుంటాయి, అనుమానితులుంటారు, నోరు మెదపని సాక్షులుంటారు. ఈ ప్రశ్న వేయించగలిగితే పఠనబృందం చదువరుల నుంచి రచయితలను కూడా తయారుచేయగలదు.

ఆచరణలో మరికొన్ని పరిమితులున్నాయి. షాషా నవలను ఆంగ్లంలో చదవగలిగినవారు మిగిలినవారికి అధ్యాయాలవారీగా తెలుగులో చెప్పవలసి రావచ్చు. అది లోపం కాదు. కావ్యాన్ని ఒకరు చదువుతుంటే పదిమంది విని అర్థం చర్చించుకునే పురాణపఠన సంప్రదాయం ఈ నేలకు ఉన్నదే. సుగ్గికాలంలో సగంమంది ఊళ్ళో ఉండరు కనుక పెద్ద నవలను ఆ నెలల్లో పెట్టుకోకూడదు. స్త్రీలు సాయంత్రం గ్రంథాలయానికి రాగలిగే వేళను బట్టి సమావేశవేళ నిర్ణయించకపోతే బృందం సగం సాక్షులను తానే వదులుకున్నట్టవుతుంది.

ముగింపు

గ్రంథాలయోద్యమంలోనూ వయోజన విద్యలోనూ కృషి చేసిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు కర్నూలులో జన్మించినవారు. గ్రంథాలయమంటే పుస్తకాలు దాచే గది కాదనీ పౌరులను తయారుచేసే చోటనీ ఆ ఉద్యమం నమ్మింది. అపరాధ పరిశోధక నవలను ఆ నమ్మకంతో కలిపి చూడటానికి సంకోచించవలసిన అవసరం లేదు. కనబడినదాన్ని ప్రశ్నించడం, చెప్పినదాన్ని ఆధారంతో సరిచూడటం, గౌరవనీయుడన్న కారణంతో ఎవరినీ అనుమానం నుంచి మినహాయించకపోవడం ఈ ప్రక్రియ నేర్పే గుణాలు.

ఆలూరు వంటి ఊరిలోని పఠనబృందానికి ఈ వ్యాసం సూచించే క్రమం ఇది: 'మూన్‌స్టోన్'తో నేరానికి చరిత్ర ఉందని గుర్తించడం, 'బాస్కర్‌విల్స్', 'తులసిదళం'లతో భయాన్ని పరీక్షించడం, 'రోజర్ అక్రాయిడ్'తో కథకుణ్ని అనుమానించడం, కొమ్మూరితో తెలుగు గద్యాన్ని గుర్తుపట్టడం, చివరకు షాషాతో నిజం తెలిసినా న్యాయం జరగని చోటికి రావడం. ఈ క్రమంలో ప్రతి నవలా ముందుదాని నమ్మకాన్ని కొంత సడలిస్తుంది. హంతకుడెవరన్న ప్రశ్నతో మొదలైన పఠనం, తెలిసినవారందరూ ఎందుకు మాట్లాడలేదన్న ప్రశ్న దగ్గరకు చేరుతుంది. ఆ రెండో ప్రశ్నకు పుస్తకంలో చివరి అధ్యాయం ఉండదు. దాన్ని గ్రంథాలయం బల్ల చుట్టూ కూర్చున్నవారే పూరించవలసి ఉంటుంది. తెలుగు విమర్శ ఈ ప్రక్రియను ఇకనైనా పట్టించుకోవడానికి అంతకంటే వేరే కారణం అక్కరలేదు.